ఆ గడ్డ వేరు, ఈ గడ్డ వేరు

ఆరోగ్యం: మీ ప్రశ్నలు, మా జవాబులు

కడుపు ఆపరేషన్ అయ్యాక లోపల రక్తం గడ్డకట్టిందని స్కానింగ్‌లో తేలితే ఇంటిల్లిపాదికీ నిద్ర ఉండదు. దాని మీద వచ్చిన ఉత్తరాల్లో నలుగురికీ పనికొచ్చేవి ఏరి ఈసారి శీర్షికంతా వాటికే ఇస్తున్నాం.

మా అత్తమ్మకు 48 ఏండ్లు. గర్భసంచిల గడ్డలున్నయని ఆపరేషన్ చేసి సంచి తీసేసిన్రు. ఎనిమిదో రోజు పొత్తికడుపు బరువుగున్నది, సన్నగ జరం వస్తున్నదని పోతే స్కానింగ్ తీసి "11×8×7 గడ్డ ఉన్నది, మందులతోని కరుగుతది" అన్నరు. తీసేసిన గడ్డ మళ్ళ ఎట్ల వచ్చింది? ఇంత పెద్దది కోయకుండ ఎట్ల పోతది?
– ఒక పాఠకురాలు, నర్సంపేట

సగం భయం మాటతోనే వచ్చింది. మన దగ్గర కంతినీ గడ్డే అంటాం, చీము పట్టినదాన్నీ గడ్డే అంటాం, పేరుకున్న రక్తాన్నీ గడ్డే అంటాం. మీ అత్తమ్మకు తీసేసినవి గర్భసంచి కండరంలో పెరిగిన ఫైబ్రాయిడ్లు. అవి సంచితోపాటే పోయాయి. ఇప్పుడు స్కానింగ్‌లో కనిపిస్తున్నది రక్తం, డాక్టర్ల భాషలో హెమటోమా. అది కంతీ కాదు, కేన్సరూ కాదు. తీసిన సంచిని పరీక్షకు పంపి ఉంటారు, ఆ బయాప్సీ రిపోర్టు మాత్రం అడిగి తెచ్చుకోండి. దానికీ ఈ గడ్డకూ సంబంధం లేదు.

ఎట్లా వచ్చిందంటే, మత్తులో ఉన్నప్పుడు బీపీ తక్కువగా ఉంటుంది. అప్పుడు కారని సన్నటి నాళం ఒకటి, మత్తు దిగి బీపీ లేచాక, దగ్గుకో వాంతికో ముక్కినప్పుడు తెరుచుకుంటుంది. సంచి తీసేసిన చోట కుట్ల పైన ఖాళీ ఉంటుంది కాబట్టి రక్తం అక్కడ చేరుతుంది. చేరిన రక్తం ఒత్తిడికే ఆ నాళం మూసుకుపోతుంది. అంటే చాలాసార్లు స్కానింగ్‌లో గడ్డ కనిపించేనాటికే కారడం ఆగిపోయి ఉంటుంది.

మొదటి వారం ఆ రక్తం కార్జం ముక్కలా గట్టిగా ఉంటుంది. 10 నుంచి 15 రోజులకు లోపల కరగడం మొదలై బెల్లం పాకంలా అవుతుంది. ఆ తర్వాత ఒళ్ళు దాన్ని కొద్దికొద్దిగా పీల్చుకుంటుంది. మీరు రాసిన సైజుకు ఆరు వారాల నుంచి మూడు నాలుగు నెలలు పట్టినా ఆశ్చర్యం లేదు. "మందులతో కరుగుతది" అన్న మాట ధైర్యం కోసం చెప్పిందే. కరిగించేది ఒళ్ళే. మందులు నొప్పికి, చీము పట్టకుండా ఉండటానికి. వాపు తగ్గడానికని రాసే ఎంజైమ్ మాత్రలు లోపలి పెద్ద గడ్డను కరిగిస్తాయనడానికి నమ్మదగిన రుజువు లేదు. జేబు బరువు చూసుకుని, అవి అవసరమా అని మీ డాక్టర్‌ను అడగొచ్చు.

ఇప్పుడే తీసేస్తే పోలేదా అంటే, గట్టిగా ఉన్న గడ్డ సూదిలోంచీ రాదు, సన్న గొట్టంలోంచీ రాదు. కోసి తీస్తే నాళాన్ని మూసిపెట్టిన ఒత్తిడి పోయి మళ్ళీ కారొచ్చు. పైగా శుభ్రంగా ఉన్న రక్తంలోకి మనమే సూక్ష్మక్రిములను తీసుకుపోయినట్టవుతుంది. అందుకే గడ్డ పెరుగుతున్నా, చీము పట్టినా, మూత్రనాళాన్నో పేగునో నొక్కుతున్నా, నొప్పి భరించరాకుండా ఉన్నా మాత్రమే చెయ్యి పెడతారు.

ఒక సంగతి ముందే తెలిస్తే హడలిపోరు. రెండో మూడో వారంలో ఒకనాడు మీ అత్తమ్మకు ఉన్నట్టుండి కింది నుంచి నల్లటి, ముదురు గోధుమరంగు రక్తం పోవచ్చు. కుట్ల సందులోంచి పాత రక్తం తనకు తానే దారి చేసుకోవడం అది. పోయాక బరువు దిగినట్టుంటుంది. డాక్టర్‌కు ఫోన్ చేసి చెప్పండి. ఎర్రటి తాజా రక్తమై గంటకో ప్యాడ్ తడుస్తున్నా, కుళ్ళు వాసన వస్తున్నా ఫోన్‌తో సరిపెట్టకుండా వెంటనే తీసుకుపోండి.

రెండు వారాలకు మళ్ళ స్కాన్ తీస్తే 12×9×7 ఉన్నది 10×7×5 అయ్యింది. రెండు సెంటీమీటర్లే తగ్గింది. ఇట్లయితే ఎన్ని నెలలు?
– ఒక పాఠకుడు, జమ్మికుంట

రెండు సెంటీమీటర్లే అనుకోకండి, లెక్క వేయండి. మూడు కొలతలను గుణించి 0.52తో హెచ్చవేస్తే సుమారు ఎన్ని మిల్లీలీటర్లో వస్తుంది. మొదట 12×9×7×0.52, అంటే 393 మి.లీ. ఇప్పుడు 10×7×5×0.52, అంటే 182 మి.లీ. పెద్ద గ్లాసున్నర ఉన్నది గ్లాసు కంటే తక్కువైంది. సగానికి పైగా పోయినట్టే. పొడవొక్కటే చూస్తే ఎవరికైనా నిరాశే మిగులుతుంది.

వీలైతే స్కానింగ్ ఒకే చోట తీయించండి. చూసే చెయ్యి మారితే అర సెంటీమీటరో, సెంటీమీటరో తేడా రావడం మామూలే. పాత రిపోర్టు వెంట తీసుకుపోండి. రిపోర్టులో "లోపల రక్తప్రసరణ లేదు" అని ఉంటే మంచి మాట. "అడ్డగోడలు", "మిశ్రమంగా ఉంది", "కరుగుతోంది" అన్నవి పాతబడుతున్న రక్తానికి రాసేవి, చూసి బెదరొద్దు. "లోపల గాలి బుడగలు", "అంచు మందంగా ఉంది" అని ఉండి జ్వరం కూడా ఉంటే చీము అనుమానం. సీటీ స్కాన్‌లో "రంగుమందు బయటికి కారుతోంది" అని ఉంటే ఇంకా రక్తం కారుతున్నట్టు. ఇంటికి వెళ్ళే మాటే లేదు. అప్పుడు తొడ దగ్గరి ధమనిలోంచి సన్న గొట్టం పంపి, కారే నాళాన్ని లోపలినుంచే మూసే పద్ధతి ఉంది.

గడ్డ కాస్త మిగిలిపోయి మచ్చలా గట్టిపడి, ఏ ఇబ్బందీ పెట్టకపోతే, దాన్ని సున్నాకు తేవాలని నెలనెలా స్కానింగ్ తీయించాల్సిన పని లేదు.

మా బాపుకు 62 ఏండ్లు. గుండె కవాటం మార్చిన్రు, అసిట్రోమ్ వాడుతడు. హెర్నియాకు జాలి పెట్టి ఆపరేషన్ చేసినంక నాలుగో రోజు నుంచి పొత్తికడుపు, తొడ, వృషణాల సంచి అంత నల్లగైనయి. లోపల గడ్డ ఉన్నదట. అసిట్రోమ్ బంద్ చేద్దామా?
– ఒక పాఠకుడు, హుజూరాబాద్

మీ అంతట మీరు బంద్ చేయొద్దు. లోహపు కవాటం ఉన్నవాళ్ళకు రక్తం పలచన చేసే మందు ఆగితే కవాటం మీదే రక్తం గడ్డకట్టి పక్షవాతం రావొచ్చు. ఎన్ని రోజులు ఆపాలో, ఆ రోజుల్లో హెపారిన్ రకం ఇంజెక్షన్ ఇవ్వాలో వద్దో సర్జన్, గుండె డాక్టర్ ఇద్దరూ మాట్లాడుకుని చెప్పాలి. రక్తం ఎంత ఆలస్యంగా గడ్డకడుతోందో చెప్పే ఐఎన్‌ఆర్ పరీక్ష ఇవాళే చేయించండి. అసిట్రోమ్ వాడేవాళ్ళకు అది మామూలుగా 2 నుంచి 3 మధ్య, మైట్రల్ కవాటమైతే 2.5 నుంచి 3.5 మధ్య ఉంచుతారు. దానికి మించి ఉంటే గడ్డ పెరుగుతూ పోవచ్చు.

ఐఎన్‌ఆర్ పెరగడానికి కారణం చాలాసార్లు డిశ్చార్జి చీటీలోనే దొరుకుతుంది. ఆపరేషన్ తర్వాత ఇచ్చే మెట్రోనిడజోల్, సిప్రోఫ్లాక్సాసిన్ లాంటి యాంటీబయాటిక్స్ అసిట్రోమ్ బలాన్ని పెంచేస్తాయి. పాత మోతాదే వేసుకుంటున్నా రెండింతలు వేసుకున్నట్టవుతుంది. నాలుగు రోజులు సరిగ్గా తినకపోయినా అంతే. కొత్త యాంటీబయాటిక్ మొదలైన మూడు నుంచి ఐదు రోజుల్లో ఐఎన్‌ఆర్ చూడాలి. ఈ ఒక్క పరీక్ష మరిచిపోయి మళ్ళీ ఆసుపత్రికి వచ్చేవాళ్ళు తక్కువేం కాదు.

నలుపు కిందికి దిగడం చూసి బెంబేలు పడకండి. రక్తం చర్మం కింద పల్లానికి జారుతుంది, అంతే. రెండు మూడు వారాల్లో నలుపు ఆకుపచ్చగా, పసుపుగా మారి పోతుంది. లంగోటీనో, బిగువైన లోదుస్తులో వేస్తే సంచి బరువు తగ్గుతుంది. పడుకున్నప్పుడు మడత పెట్టిన తువ్వాలను సంచి కింద పెట్టండి. వాపు గంటగంటకూ బిగుసుకుంటుంటే మాత్రం ఆలస్యం చేయొద్దు.

స్టెంట్ వేయించుకుని ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ వాడేవాళ్ళకూ ఇదే మాట. డాక్టర్‌ను అడగకుండా ఆపొద్దు.

నా బిడ్డకు పెద్దాపరేషన్ అయ్యి తొమ్మిది రోజులు. గర్భసంచికి, మూత్రసంచికి నడుమ రక్తం గడ్డ ఉన్నదన్నరు. హిమోగ్లోబిన్ 7.2. రక్తం ఎక్కించకుండ ఐరన్ ఇంజెక్షన్లు రాసిన్రు. మాది ములుగు దగ్గర పల్లె. పాలు ఇయ్యచ్చా? ఎప్పుడు భయపడాలె?
– ఒక తల్లి

పాలు ఇవ్వొచ్చమ్మా. పక్కకు పడుకోబెట్టి ఇప్పించండి, గాయం మీద బరువు పడదు. మూత్రసంచిని గడ్డ నొక్కుతుంది కాబట్టి మాటిమాటికీ మూత్రం వస్తుంది. పట్టి ఉంచుకోకుండా మూడు గంటలకొకసారి వెళ్ళనివ్వండి.

హిమోగ్లోబిన్ 7 కంటే పైన ఉండి, నిలకడగా ఉండి, ఆయాసం, కళ్ళు తిరగడం లేకపోతే రక్తం ఎక్కించకపోవడం సరైన నిర్ణయమే. ఒక సంచి రక్తంతో పెరిగేది సుమారు 1 గ్రాము. ఐరన్ ఎంత కావాలో లెక్క ఇట్లా ఉంటుంది: బరువు 50 కిలోలు, పెరగాల్సింది 12 నుంచి 7.2 తీస్తే 4.8. 50×4.8×2.4 అంటే 576. నిల్వకు 500 కలిపితే 1,076 మి.గ్రా. 60 మి.గ్రా. ఐరన్ ఉండే మాత్రలోంచి ఒంటికి పట్టేది ఐదారు మి.గ్రా. మాత్రమే. అందుకే ఇంజెక్షన్ రాశారు. ఐరన్ సుక్రోజ్ అయితే పూటకు 200 మి.గ్రా. చొప్పున ఐదారు సార్లు, కార్బాక్సీమాల్టోజ్ అయితే ఒకే పూట 1,000 మి.గ్రా. వరకు ఇస్తారు. ఏదైనా ఆసుపత్రిలోనే ఎక్కించుకోవాలి, ఇంట్లో కాదు. అరుదుగానైనా అలర్జీ వచ్చి దానికి ఒళ్ళు తిరగబడొచ్చు. కడుపులోని రక్తంలో ఉన్న ఇనుమును కూడా ఒళ్ళు మెల్లగా తిరిగి వాడుకుంటుంది. కానీ దాని కోసం కూర్చోలేం.

తర్వాత మాత్రలకు మారితే పరగడుపున నిమ్మరసంతో వేయించండి. చాయ్, పాలు, కాల్షియం మాత్ర రెండు గంటలు దూరం. మలం నల్లగా వస్తుంది, అది ఐరన్ రంగే.

ఇక భయపడాల్సినవి. పడుకుని ఉన్నప్పుడు నాడి నిమిషానికి 110 దాటడం. లేచి నిలబడితే కళ్ళు బైర్లు కమ్మడం, చల్లటి చెమట. కడుపు ఉబ్బుతూ పోవడం. జ్వరం 101 డిగ్రీలు దాటి వణుకు రావడం. వాంతులై, కింది నుంచి గాలి కూడా పోకపోవడం. మూత్రం బాగా తగ్గడం. ఒక కాలి పిక్క వాచి నొప్పి పుట్టడం, ఉన్నట్టుండి ఆయాసం రావడం. వీటిలో ఏ ఒక్కటి కనిపించినా తెల్లారేదాకా ఆగొద్దు. ములుగు నుంచి వరంగల్ చేరడానికే గంట పైన పడుతుంది. 108కి ఫోన్ చేసి, రక్తనిధి ఉన్న పెద్దాసుపత్రికి వెళ్ళండి. డిశ్చార్జి చీటీ, స్కాన్ రిపోర్టులు, బ్లడ్ గ్రూపు కాగితం ఒకే సంచిలో ఇప్పుడే పెట్టుకోండి, రాత్రిపూట వెతుక్కోవద్దు. 99 నుంచి 100.4 వరకు సాయంత్రం పూట వచ్చే సన్న జ్వరం, రక్తం కరిగేటప్పుడు కొందరికి వారం పది రోజులు ఉంటుంది. రోజుకు రెండుసార్లు థర్మామీటర్ పెట్టి కాగితం మీద రాసి, డాక్టర్‌కు చూపించండి. చెయ్యి పెట్టి చూసి చెప్పే జ్వరానికి లెక్క ఉండదు.

గడ్డ ఉన్నదని చెప్పిన పదిహేను రోజులకు కండ్లు పచ్చగైనయి. పసరు తాగించాలంటున్నరు.
– మహబూబాబాద్

తాగించొద్దు. పెద్ద గడ్డ కరిగేటప్పుడు ఎర్ర రక్తకణాలు విరిగి, కళ్ళను పచ్చగా చేసే బిలిరుబిన్ రక్తంలో కొద్దిగా పెరుగుతుంది, రెండు దగ్గర్లో ఉండొచ్చు. కాలేయం పరీక్ష చేయించండి. పెరిగింది ఇండైరెక్ట్ బిలిరుబినే అయ్యి, మిగతావన్నీ సరిగ్గా ఉంటే అదే తగ్గిపోతుంది. అయితే జరిగింది పిత్తాశయం ఆపరేషన్ అయితే మాత్రం పచ్చకళ్ళను ఇట్లా తేలిగ్గా తీసుకోవద్దు. పైత్యనాళం దెబ్బతిని ఉండొచ్చు, ఆ రోజే సర్జన్‌కు చూపించాలి.

నొప్పికి ఊర్ల డాక్టర్ రోజూ సూది ఇస్తున్నడు. అవ్వేమో ఇటుక వేడి చేసి కాపడం పెట్టుమంటది, పప్పు తింటే చీము పడుతదంటది. ఏది చెయ్యాలె, ఏది వద్దు?
– ఒక పాఠకురాలు, పరకాల

ఆ సూది డైక్లోఫెనాక్ అయి ఉండొచ్చు, పేరు అడగండి. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్, ఎసిక్లోఫెనాక్ రకం మందులు రక్తం గడ్డకట్టే గుణాన్ని తగ్గిస్తాయి, కడుపులో పుండ్లు చేస్తాయి. గడ్డ కొత్తగా ఉన్నప్పుడు, ఆపరేషన్ చేసిన డాక్టర్ రాయనిదే అవి వద్దు. పారాసెటమాల్ 650 మి.గ్రా. ఆరు గంటలకొకటి, రోజుకు నాలుగు మించకుండా, వేళ తప్పకుండా వేసుకుంటే చాలామందికి నొప్పి అదుపులో ఉంటుంది. కాలేయం జబ్బు ఉన్నవాళ్ళు, తాగే అలవాటున్నవాళ్ళు మోతాదు అడిగి వేసుకోవాలి. నొప్పి ముదిరాక ఒకటి వేసుకునే కంటే వేళకు వేసుకోవడమే మేలు. జ్వరం మాత్రం మాత్ర వేసుకునే ముందే చూసుకోండి, వేసుకున్నాక అసలు సంగతి తెలియదు.

ఇటుక కాపడం వద్దు. లోపలి గడ్డ దాకా ఆ వేడి పోనే పోదు. కోత చుట్టూ చర్మానికి నెలల తరబడి స్పర్శ సరిగ్గా ఉండదు కాబట్టి కాలిందీ తెలియదు. బొబ్బలెక్కాక చూసుకుంటారు. నూనె పెట్టి రుద్దడం అంతకంటే చెడ్డది, మూసుకున్న నాళాన్ని మనమే తెరిచినట్టు. నడుము బెల్టు నడిచేటప్పుడు పెట్టుకోండి, కింద అరచెయ్యి దూరేంత వదులు ఉండాలి. పడుకున్నప్పుడు తీసేయండి.

మంచం మీది నుంచి నేరుగా లేవొద్దు. మోకాళ్ళు ముడిచి, పక్కకు తిరిగి, కాళ్ళు కిందికి వదిలి, మోచేతి బలంతో లేవాలి. దగ్గు, తుమ్ము వస్తే మెత్తను కడుపుకు అదుముకోండి. గడ్డ కదులుతుందని మంచానికే అతుక్కుపోతే కాళ్ళ సిరల్లో రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉంది. ఐదేసి నిమిషాలు, రోజుకు ఐదారు సార్లు ఇంట్లోనే నడవండి. ముక్కడం అసలు పనికిరాదు. రోజుకు రెండు, రెండున్నర లీటర్ల నీళ్ళు తాగి, రాత్రి లాక్టులోజ్ సిరప్ 15 మి.లీ. వేసుకుంటే విరేచనం మెత్తగా అవుతుంది. గొంతుక్కూర్చునే మరుగుదొడ్డి అయితే ఆరు వారాలు దాని మీద పెట్టే కుర్చీ వాడండి.

పప్పు సంగతి. పప్పుతో చీము పట్టదు, సూక్ష్మక్రిములతో పడుతుంది. గాయం మానడానికీ, రక్తం పట్టడానికీ మాంసకృత్తులే దిక్కు. ఒట్టి చారు మెతుకులతో నెల గడిపితే గాయం మానదు. పప్పు, రెండు గుడ్లు, పెరుగు, తోటకూర, మునగాకు, తైదల అంబలి అన్నీ పెట్టొచ్చు. కాపడం, పప్పు, ఈ రెండు విషయాల్లో అవ్వ మాట వినకండి, మిగతావాటిలో వినండి. షుగర్ ఉంటే అంబలి కొలతగా తాగాలి.

గడ్డకు చీము పట్టిందని పక్క నుంచి సన్న పైపు వేసి ఇంటికి పంపిన్రు. ఎట్ల చూసుకోవాలె?
– భూపాలపల్లి

దాన్ని పిగ్‌టెయిల్ అంటారు, లోపలి కొస పంది తోకలా చుట్టుకుని ఉంటుంది. ఆ చుట్టను లోపలి దారం పట్టి ఉంచుతుంది. తీసేటప్పుడు ముందు ఆ దారాన్ని వదులు చేయాలి. లాగితే లోపల చీరుకుపోతుంది, కాబట్టి పైపును చర్మానికి రెండు చోట్ల అంటించి పెట్టండి. పైపుకు తగిలించిన సంచి ఎప్పుడూ నడుము కంటే కిందే ఉండాలి. రోజూ ఒకే వేళకు ఎన్ని మి.లీ. వచ్చిందో, ఏ రంగో రాయండి. డాక్టర్ చెప్పి నేర్పించి ఉంటేనే, శుభ్రమైన సిరంజితో 5 నుంచి 10 మి.లీ. సెలైన్ నెమ్మదిగా పంపాలి. గట్టిగా తగిలితే బలవంతంగా నెట్టొద్దు.

రోజుకు 80, 60, 40 అని తగ్గుతూ వచ్చి, రెండు మూడు రోజులు 10–20 మి.లీ. లోపే ఉండి, స్కానింగ్‌లో ఖాళీ కనిపిస్తే తీసేస్తారు. నిన్న 80 ఉన్నది ఇవాళ సున్నా అయి జ్వరం వచ్చిందంటే తగ్గినట్టు కాదు, పైపు మూసుకుపోయినట్టు. చాలామంది పొరబడేది ఇక్కడే. ఎర్రటి తాజా రక్తం వస్తే ఆ క్షణమే బయలుదేరండి.

ఇది డాక్టర్ తప్పా?
– పేరు రాయని పాఠకుడు

గడ్డ వచ్చినంత మాత్రాన తప్పు జరిగినట్టు కాదు, జాగ్రత్తగా చేసిన ఆపరేషన్లలోనూ వస్తుంది. వచ్చాక ఎంత త్వరగా గుర్తించారు, పలచన మందుల సంగతి ముందే అడిగారా అన్నవే అడగాల్సిన ప్రశ్నలు. కేస్ షీటు, ఆపరేషన్ నోట్స్ కాపీలు రాతపూర్వకంగా అడగండి. 2002 నాటి వైద్య నియమావళి ప్రకారం అడిగిన 72 గంటల్లో ఇవ్వాలి.

ఆపరేషన్ అయ్యి ఎనిమిది వారాలు. గడ్డ 4 సెంటీమీటర్లకు వచ్చింది. పత్తి ఏరడానికి పోవచ్చా? సద్దుల బతుకమ్మకు వేయిస్తంభాల గుడికి పోదామనుకుంటున్న.
– ఒక చెల్లె, హసన్‌పర్తి

హిమోగ్లోబిన్ 10 దాటి, నడిస్తే నొప్పి లేకపోతే డాక్టర్‌ను ఒక మాట అడిగి పనిలోకి దిగొచ్చు. మొదటి రెండు వారాలు సగం పూటే. పత్తి సంచిని నడుముకు కాకుండా భుజానికి వేసుకోండి, నాలుగైదు కిలోలు కాగానే దించండి. నీళ్ళ బిందె 15 కిలోలు, నిండు గ్యాస్ సిలిండర్ 30 కిలోల దాకా ఉంటుంది, మిర్చి బస్తా సంగతి చెప్పనక్కర లేదు. ఇవి మూడో నెల నిండేదాకా మీవి కావు.

గుడికి వెళ్ళి రండి. నాలుగు చుట్లు నెమ్మదిగా తిరగండి, మరీ కిందికి వంగి చప్పట్లు కొట్టొద్దు, అలసట అనిపిస్తే గట్టు మీద కూర్చోండి. ఎత్తు బతుకమ్మను నెత్తిన పెట్టుకోవడం మాత్రం ఈ ఏడాదికి మీ వదినకు అప్పజెప్పండి.